డ్రై ఐరన్, స్టీమ్ ఐరన్, స్టీమర్: మూడూ ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం (అసలు ఇప్పుడు ఇస్త్రీ అవసరమా?)

ముందే చెప్పేస్తున్నా, ఇది కొన్న రెండ్రోజులకే రాసే రివ్యూ కాదు. మా ఇంట్లో బరువైన పాత రకం డ్రై ఐరన్ ఉంది, ఒక స్టీమ్ ఐరన్ ఉంది, బట్టని హ్యాంగర్ కి తగిలించి ఆవిరి పట్టే స్టీమర్ కూడా ఉంది, మూడూ ఏళ్ళ తరబడి వాడాం, వీటికి తోడు వీధి చివర ఇస్త్రీ బండికి కూడా బట్టలు వేస్తాం. నేను గుంటూరులో గవర్నమెంట్ స్కూల్ టీచర్ని, స్కూలుకి కాటన్ చీరలే కడతా, మంగళగిరివి ఎక్కువ, వెంకటగిరివి కొన్ని, మా ఆయన బ్యాంకు ఉద్యోగి కాబట్టి రోజూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పిల్లలిద్దరికీ యూనిఫారాలు. అంటే మా ఇంట్లో ఇస్త్రీ పని తెమిలేది కాదు.

మా స్టాఫ్ రూమ్ లో ఈ మధ్య చేరిన అమ్మాయిలు "ఇంకా ఎవరు మేడమ్ ఇస్త్రీ చేసేది, అన్నీ వాష్ అండ్ వేర్ కదా" అంటుంటారు. వాళ్ళ మాట చాలావరకు నిజమే. కుర్తీలు, లెగ్గింగ్స్, టీషర్టులు, జీన్స్, నైటీలు వీటికి ఐరన్ బాక్స్ తగిలించే ఇల్లు మా అపార్ట్ మెంట్ లో ఒక్కటి కూడా లేదనుకుంటా. పాలిస్టర్ కలిసిన గుడ్డ అయితే తడి మీద గట్టిగా దులిపి హ్యాంగర్ కి ఆరేస్తే చాలు. కానీ గంజి పెట్టిన నూలు చీర, లినెన్ చొక్కా, తెల్ల పంచె, ఖద్దరు, వీటి సంగతి వేరు, వీటికి ఇస్త్రీ లేకపోతే వాటి అందమే లేదు. రింకిల్ ఫ్రీ అని ఎక్కువ రేటు పెట్టి అమ్మే కాటన్ చొక్కాలు కూడా మా ఆయన కొన్నారు, ఆ గుడ్డకి రెసిన్ అనే ఒక రకం జిగురులాంటిది పట్టిస్తారు, అది పోగుల్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, కొత్తలో నిజంగానే బాగుంటుంది, ఉతుకులు పడేకొద్దీ ఆ గుణం తగ్గుతూ వస్తుంది, చివరికి అవి కూడా ఇస్త్రీ మూటలోకే వచ్చాయి.

సరే ఇప్పుడు వస్తువుల దగ్గరికి వద్దాం. మూడింట్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను క్షణం ఆలోచించకుండా బరువైన డ్రై ఐరన్ ఉంచుకుంటా. మాది 1000 వాట్లది, రెండు కిలోల దాకా బరువు, దానికి నీళ్ళ ట్యాంకు లేదు, బటన్లు లేవు, ఒక తిప్పే నాబ్, ఒక ఎర్ర లైటు, అంతే. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా పెట్టేవి కిలో లోపు తేలిక రకం, అవి చేతికి హాయిగా ఉంటాయి కానీ కాటన్ మీద మనమే నొక్కాలి, నాలుగు చీరలు అయ్యేసరికి భుజం పీకుతుంది. బరువు పెట్టె అయితే దాని బరువే పని చేసి పెడుతుంది, మనం దారి చూపిస్తే చాలు. మా అత్తయ్యగారికి మణికట్టు నొప్పి ఉంది, ఆవిడ బరువు పెట్టె వద్దంటారనుకున్నా, కానీ ఆవిడే "తేలిక పెట్టెతో పది సార్లు రుద్దేకంటే ఇది రెండు సార్లు లాగితే నయం కదమ్మా" అంటారు, నాకూ అదే అనిపిస్తుంది. చేయి ఎత్తి ఎత్తి పెట్టాల్సి వచ్చే చిన్న చిన్న బట్టలకి మాత్రం, అంటే పిల్లల గౌన్లూ జాకెట్లూ, తేలికదే మేలు.

డ్రై ఐరన్ కి అసలు కిటుకు తడి. ఆరి పెళుసెక్కిన కాటన్ మీద ఎంత వేడి పెట్టి రుద్దినా ముడత పోదు, ఎందుకంటే నూలు పోగులో ఉండే సెల్యులోజ్ గొలుసుల మధ్య సన్నటి బంధాలుంటాయి, అవి నీళ్ళు తగిలితేనే వదులవుతాయి, తర్వాత వేడికి ఆ నీళ్ళు పోయేటప్పుడు గుడ్డ ఎలా పరిచి ఉంటే అలా మళ్ళీ బిగుసుకుంటాయి. అందుకే ఇస్త్రీ అవ్వగానే వేడి వేడిగా మడిచి బీరువాలో కుక్కేస్తే కొత్త ముడతలు అలాగే బిగుసుకుపోతాయి, కాసేపు మంచం మీద పరిచి గానీ కుర్చీ మీద వేసి గానీ చల్లారాక మడవాలి. ఈ ఒక్క పని చేస్తే ఇస్త్రీ ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఖర్చు లేదు, కష్టం లేదు, అయినా చాలామంది చెయ్యరు.

నా మంగళగిరి చీరకి చేసే పద్ధతి చెప్తా, అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్తుంటా. అన్నం కుక్కర్లో పెడుతున్నాం కాబట్టి పూర్వంలాగా వార్చిన గంజి దొరకదు, సగ్గుబియ్యం ఒక గుప్పెడు ఎక్కువ నీళ్ళలో ఉడికించి పల్చటి గుడ్డలో వడకట్టాలి, ఒక్క ఉండ మిగిలినా చీర మీద తెల్ల మచ్చ అయి కూర్చుంటుంది, ముదురు రంగు చీరలకైతే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ గంజిని బకెట్ నీళ్ళలో కలిపి చీర మొత్తం ఒకేసారి ముంచాలి, కొంగు ముందు ముంచి మిగతాది తర్వాత ముంచితే ఒక చోట బిరుసుగా ఇంకో చోట మెత్తగా వస్తుంది. గంజి ఎక్కువైతే చీర అప్పడంలా పెళపెళలాడుతుంది, కుచ్చిళ్ళు నిలబడవు, మడత దగ్గర పోగులు తెగుతాయి కూడా. నీడలో, అంచులు పట్టి లాగి ఆరెయ్యాలి. పూర్తిగా ఆరాక నీళ్ళు చిలకరించి, పొడుగ్గా మడిచి, గట్టిగా చుట్ట చుట్టి ఒక తుండులో కట్టి అరగంట పక్కన పెట్టాలి, అప్పుడు తడి చీరంతా సమానంగా పాకుతుంది. ఈ సాపు స్ప్రే బాటిల్ తో అప్పటికప్పుడు కొట్టి రుద్దితే రాదు, ఎంత ఖరీదు స్టీమ్ ఐరన్ తోనూ రాదు, నేను పక్కపక్కన రెండు చీరలు చేసి చూసే చెప్తున్నా. ఆ తర్వాత నాబ్ కాటన్ దగ్గర పెట్టి మొదట రెండు అంచులు, తర్వాత ఒళ్ళు, చివర కొంగు. అంచులో జరీ ఉంటే తిరగేసి, మీద పల్చటి పంచె ముక్క పరిచి చెయ్యాలి. టైం లేని వారాల్లో రెడీమేడ్ గంజి పౌడర్ కూడా వాడతా, అది పర్లేదు, కానీ సగ్గుబియ్యం గంజితో వచ్చే నిగారింపు దానికి రాదు.

బట్టల మీద లేబుల్ లో ఐరన్ బొమ్మ లోపల చుక్కలుంటాయి చూడండి, చాలామంది పట్టించుకోరు గానీ అవి చాలా పనికొచ్చేవి. ఒక చుక్క అంటే 110 డిగ్రీల లోపు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. నైలాన్, అక్రిలిక్ లాంటివి ఒక చుక్క, పట్టు, ఉన్ని, పాలిస్టర్ కలిసినవి రెండు, కాటన్ లినెన్ మూడు. ఇంకో విషయం, పెట్టె వేడెక్కడానికి పట్టే టైం కంటే చల్లారడానికి పట్టే టైం చాలా ఎక్కువ, అందుకే మూట మొత్తాన్ని ముందే వేరు చేసుకుని తక్కువ వేడివి ముందు, కాటన్లు చివర్లో చెయ్యాలి, స్విచ్ తీసేసాక కూడా ఆ మిగిలిన వేడిలో జేబురుమాళ్ళు అయిపోతాయి.

చొక్కా సంగతి కూడా చెప్పాలి. కాలర్ ముందు, అదీ లోపలి వైపు ముందు, రెండు కొసల నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి కొసలకి తోస్తే గుడ్డ పోగై కొస దగ్గర చిన్న మడత పడిపోతుంది, అది రోజంతా మొహం కిందే కనిపిస్తుంది. తర్వాత భుజాల పట్టీ, కఫ్ లు, చేతులు, చివరికి ముందూ వెనకా. గుండీల మీదుగా కాకుండా గుండీల పట్టీని తిరగేసి చెయ్యండి, ప్లాస్టిక్ గుండీ ఆ వేడికి పాడైపోవచ్చు. కాలర్ లోపల బిగుతు కోసం అతికించిన గుడ్డ ఉంటుంది, మరీ వేడి పెడితే ఆ జిగురు ఊడి కాలర్ మీద బుడగలు లేస్తాయి, అలా అయ్యాక ఆ చొక్కాని బాగు చెయ్యలేం.

ఇక స్టీమ్ ఐరన్. దీని మీద నాకు మంచి మాటా ఉంది, ఫిర్యాదూ ఉంది. మంచి మాట ఏంటంటే పొద్దున్నే హడావుడిలో యూనిఫారం స్కర్టు కుచ్చులకి, ప్యాంటుకి, లినెన్ చొక్కాకి చాలా త్వరగా అవుతుంది, నీళ్ళు చిలకరించే పని లేదు. ఫిర్యాదు నీళ్ళ దగ్గర. మాది బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పు ఎంతో చూసేవాళ్ళకి తెలుసు, ఆ నీళ్ళు ఐరన్ లో పోస్తే లోపల గట్టిపడి రంధ్రాలు మూసుకుపోతాయి, ఒక రోజు ఉన్నట్టుండి మా ఆయన నేవీ బ్లూ ప్యాంటు మీద తెల్ల సున్నం నీళ్ళు కక్కింది. అప్పట్నుంచీ ఆర్ఓ నీళ్ళే పోస్తున్నాం, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసే పక్కన పెడుతున్నాం. దాని బుక్ లో మాత్రం నీళ్ళ గురించి ఒక మూల చిన్న అక్షరాల్లో ఒక్క లైను రాసి వదిలేశారు, బోరు నీళ్ళ ఊళ్ళలో అమ్మే వస్తువుకి ఈ మాట అట్టపెట్టె మీద పెద్దగా వెయ్యాలి, ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. రెండోది, తక్కువ వేడిలో ఆవిరి బటన్ నొక్కితే ఆవిరి బదులు నీళ్ళు కారతాయి, అడుగు ప్లేటు తగినంత వేడెక్కితేనే నీళ్ళు ఆవిరవుతాయి కాబట్టి రెండు చుక్కల పైన పెట్టాకే నొక్కాలి. పట్టు మీద దీన్ని అస్సలు వాడకండి, ఒక్క చుక్క నీళ్ళు పడినా మచ్చ ఉండిపోతుంది.

కరెంటు గురించి కూడా చూసుకోండి. 1000 వాట్ల డ్రై ఐరన్ నాలుగున్నర ఆంపియర్ల లోపే లాగుతుంది, మామూలు ప్లగ్ చాలు. 2000 వాట్లు దాటిన స్టీమ్ ఐరన్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు, ఒక్కోటి ఇంకా ఎక్కువే లాగుతుంది, దానికి గీజర్ కి వాడే లావు పిన్ను ప్లగ్ ఉండాలి, కన్వర్టర్ పెట్టి చిన్న ప్లగ్ లో గుచ్చితే బోర్డు మాడిపోతుంది.

నిలువు స్టీమర్ ని ఇస్త్రీ పెట్టెకి బదులుగా కొనాలనుకునేవాళ్ళు ఒకసారి ఆగండి. అది వేరే పనికి పుట్టిన వస్తువు. జార్జెట్, షిఫాన్, క్రేప్ చీరలకి, మగ్గం వర్క్ జాకెట్లకి, పాప లెహంగాలకి అది అద్భుతంగా పనికొస్తుంది, రాళ్ళూ పూసలూ ఉన్నచోట ఐరన్ పెట్టలేం కదా, ఇది దూరం నుంచే ఆవిరి పడుతుంది, ముడత దానంతటదే జారిపోతుంది. పెళ్ళిళ్ళకి ఊరెళ్ళినప్పుడు సూట్ కేసులో నలిగిన బట్టలకి కూడా బాగా పనికొస్తుంది, మా వాళ్ళ ఇంట్లో పెళ్ళి అంటే ముందు నన్ను "స్టీమర్ తెస్తున్నావా వదినా" అనే అడుగుతారు. కానీ గంజి కాటన్ కి సున్నా. ప్యాంటు గీత రాదు, కాలర్ బిగుతు రాదు. ట్యాంకు చిన్నది, ఒక చీర అయ్యేసరికి మళ్ళీ నింపాలి. రెండో చేత్తో గుడ్డని కిందికి లాగి పట్టుకోవాలి, ఆ చెయ్యి ఆవిరికి అడ్డం వస్తే చురుక్కుమంటుంది, పాత సాక్సు ఒకటి చేతికి తొడుక్కుంటే మంచిది.

ఇస్త్రీ బండి విషయానికొస్తే, ఇంట్లో మూడు పెట్టెలు పెట్టుకుని బండికెందుకు అంటారేమో. మా బండి ఆయనా వాళ్ళావిడా ఇద్దరూ చేస్తారు, ఇదివరకు బొగ్గుల పెట్టె, ఇప్పుడు గ్యాస్ సిలిండర్ పెట్టె, దాని బరువు ముందు మా రెండు కిలోలది ఎంత. తెల్ల పంచెలు, డబుల్ కాట్ దుప్పట్లు, అత్తయ్యగారి తొమ్మిది గజాల చీరలు వాళ్ళకే వేస్తాం, ఎంత కుస్తీ పట్టినా ఆ మడత మాకు రాదు. బొగ్గుల పెట్టెలో నిప్పురవ్వ ఎగిరి బట్టకి చిల్లి పడే భయం గ్యాస్ తో పోయింది, ఎండలో ఆ బొగ్గు పొగ పీల్చే బాధా వాళ్ళకి తప్పింది. తమిళనాడులో తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ అనే స్కూలు అమ్మాయి ఈ బొగ్గు బండ్లని చూసే సోలార్ తో నడిచే ఇస్త్రీ బండి తయారు చేసి 2020లో పిల్లల క్లైమేట్ ప్రైజ్ గెలిచింది, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడింది కూడా, మా క్లాసు పిల్లలకి ఆ అమ్మాయి గురించి ప్రతి ఏడూ చెప్తా. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకీ దోభీఘాట్లకీ నెలకి 250 యూనిట్ల దాకా ఫ్రీ కరెంటు ఇచ్చారు, మన ఆంధ్రాలో 2020లో మొదలైన జగనన్న చేదోడు పథకంలో షాపులున్న రజకులకి ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చారు. ఈ పని చేసేవాళ్ళు ఇంకా ఇంతమంది ఉన్నారంటే ఇస్త్రీ చేయించుకునేవాళ్ళు ఉన్నట్టే కదా.

మా బండి ఆయన నిజాయితీ ఒకటి చెప్పాలి. పట్టుచీర తీసుకెళ్తే "మేడమ్, ఇది పెట్టెకి వద్దు, రోలింగ్ కి ఇవ్వండి" అని తనకొచ్చే డబ్బులు వదులుకుని మరీ పంపిస్తాడు. రోలింగ్ అంటే చీరని రోలర్లతో సాపు చెయ్యడం, అలా చేసిన పట్టుచీర ఒళ్ళంతా ఒకే నునుపుతో వస్తుంది, ఇంట్లో అలా రాదు. ఇంట్లోనే చెయ్యాల్సి వస్తే రెండు చుక్కల వేడి, లోపలి వైపు, మీద పొడి కాటన్ గుడ్డ, జరీ మీద నేరుగా పెట్టె ఆనకూడదు. చేసి దాచిన చీరలైనా కొన్ని నెలలకోసారి మడతలు మార్చి పెట్టండి, ఒకే మడత మీద ఏళ్ళు ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. ఈ మధ్య ప్రీ ప్లీటింగ్ అని చీర కుచ్చిళ్ళు, పమిట ముందే మడతలు పెట్టి ఐరన్ చేసి బాక్స్ లో పెట్టి ఇస్తున్నారు, మా వీధిలోనే ఒకావిడ ఇంట్లో కూర్చుని చేస్తోంది, పెళ్ళిళ్ళ సీజన్లో ఆవిడకి తీరికే ఉండదు. ఇస్త్రీ పోయిందనే అమ్మాయిలే అక్కడ క్యూలో ఉంటారు.

దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు? తువ్వాలుకి ఇస్త్రీ చెయ్యకండి, నూలు ఉచ్చులు అణిగిపోయి నీళ్ళు పీల్చడం తగ్గుతుంది. దుప్పట్లకి మేం మానేశాం, మెషీన్ లో స్పిన్ తగ్గించి, అయిపోయిన వెంటనే తీసి, ఇద్దరం చెరో రెండు కొసలు పట్టి గట్టిగా విదిలించి ఆరేస్తే సరిపోతుంది, ఆరాక మడిచి పరుపు కింద పెడితే రెండో రోజుకి సాపు. గలీబులు చుట్టాలొస్తే తప్ప లేదు. కాకపోతే ఊరిని బట్టి ఇది మారుతుంది. మా పెద్దమ్మ కొడుకు ఆఫ్రికాలో ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటాడు, అక్కడ బయట ఆరేసిన ప్రతి గుడ్డకీ, లోపలి బట్టలకీ దుప్పట్లకీ కూడా ఇస్త్రీ చెయ్యాల్సిందే, మ్యాంగో ఫ్లై అని ఒక ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది, వేసుకుంటే ఆ గుడ్ల నుంచి వచ్చే పురుగు చర్మంలోకి దూరి కురుపు అవుతుంది, ఐరన్ వేడికి ఆ గుడ్లు చచ్చిపోతాయి. ఆఫ్రికా వెళ్ళే మనవాళ్ళు ఇది తప్పక గుర్తు పెట్టుకోవాలి. అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం ఇక్కడి ఐరన్ బాక్స్ మోసుకెళ్ళకండి, మన 230 వోల్టుల పెట్టె అక్కడి 120కి పెడితే పావు వంతుకి కాస్త ఎక్కువ పవర్ మాత్రమే అందుతుంది, సరిగ్గా వేడెక్కదు.

2024 మే నెలలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు సోమవారాలు ఇస్త్రీ లేని బట్టలే వేసుకుందాం అని పిలుపిచ్చారు, హైదరాబాద్ లో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ ల్యాబులు ఆ సంస్థవే. ఒక జత ఇస్త్రీ చేస్తే 200 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ అని ఈ ఉద్యమం నడిపినవాళ్ళ లెక్క. నాకు ఆ ఆలోచన నచ్చింది, అవసరం లేని బట్టకి ఇస్త్రీ మానెయ్యడం మంచిదే, మేం దుప్పట్లూ ఇంట్లో బట్టలూ మానేశాం కూడా. కానీ చేనేత చీర కట్టేవాళ్ళని ఇస్త్రీ మానమంటే వాళ్ళు చేనేతే మానేసి పాలిస్టర్ కి పోతారు, నా కళ్ళ ముందే మా స్కూల్లో ఇద్దరు ముగ్గురు "మెయింటెనెన్స్ మా వల్ల కాదు" అని అలాగే పోయారు, అది మంగళగిరి మగ్గానికి నష్టం. కరెంటే బాధ అనుకుంటే రోజుకో బట్టకి పెట్టె వేడి చెయ్యకుండా వారం మూట ఒక్కసారి చెయ్యండి, ప్రతిసారీ చల్లటి పెట్టెని వేడెక్కించే కరెంటు మిగులుతుంది.

కొనేవాళ్ళకి చివరగా: ఐఎస్ఐ మార్కు, దాని పైన ఐఎస్ నంబరు చూడండి. వైరు దారం అల్లినదై ఉండాలి, ప్లాస్టిక్ వైరు వేడి పెట్టెకి తగిలి కరుగుతుంది. పెట్టె మెడ దగ్గర వైరు అటూ ఇటూ తిరిగేలా ఉండాలి, మాకు రెండు పెట్టెలూ ముందు చెడింది అక్కడే, లోపల తీగ తెగి ఒకసారి వేడెక్కి ఒకసారి మానేస్తుంది, ఎలక్ట్రికల్ షాపులో వైరు మార్పిస్తే సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. మాడిన గంజి అడుక్కి అంటితే నాన్ స్టిక్ అయితే గోరువెచ్చగా ఉన్నప్పుడు తడి గుడ్డతో తుడవండి, పాత స్టీల్ ప్లేటు అయితే కాగితం మీద ఉప్పు చల్లి వేడి పెట్టెని దాని మీద రుద్దండి. పారాసిటమాల్ బిళ్ళ రుద్దే వీడియోలు తిరుగుతున్నాయి, అంటిన మడ్డి పోయే మాట నిజమే గానీ ఆ పొగ పిల్లలున్న ఇంట్లో వద్దు. వైరుని వేడి పెట్టె చుట్టూ చుట్టి పెట్టకండి, పూర్తిగా చల్లారాకే వదులుగా చుట్టండి.